నాటకం వాసన

1980ల మధ్యలో, మా కాలేజీ రోజుల్లో, బరంపురంలో సినిమా పరిజ్ఞానం ఉన్న కుర్రాళ్ల దగ్గర ఒక తిట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "నాటకం వాసన కొడుతోంది" అనేవారు. ఆ ఒక్క మాటతో ఎంత పెద్ద దర్శకుడి సినిమా అయినా కొట్టుకుపోవాల్సిందే. ఆ మాట అనేవాళ్లు ఫ్రెంచి సినిమా గురించీ ఇటలీ సినిమా గురించీ పత్రికల్లో బాగానే చదివారు. రాత్రంతా చాప మీద కూర్చుని నాటకం చూసినవాళ్లు మాత్రం వాళ్లలో చాలా తక్కువ. నా సంగతి దానికి తలకిందులు. అందుకే మా విద్యార్థుల ఫిల్మ్ సొసైటీలో ఒక చలికాలం "నాటకం, సినిమా" అనే పేరుతో సినిమాల వరస వేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా సమర్థించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సొసైటీకి అధ్యాపకుల పెత్తనం లేదు. చందాలు వసూలు చేయడం దగ్గర నుంచి ప్రొజెక్టర్ తిప్పడం దాకా పనంతా పిల్లలదే. కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వంటివారు 1947లో మొదలుపెట్టిన ఫిల్మ్ సొసైటీ సంగతి, 1959లో ఏర్పడిన దేశవ్యాప్త సమాఖ్య సంగతి మా సీనియర్లు పురాణంలా చెప్పేవారు. టిక్కెట్లు అమ్మేవాళ్లం కాదు. సభ్యత్వం ఉంటేనే ప్రవేశం అని గుమ్మం దగ్గర కాగితం అంటించి, ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోకుండా చూసుకునేవాళ్లం.

హాలు అంటే మెట్లు మెట్లుగా బల్లలున్న కెమిస్ట్రీ లెక్చర్ గది. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టేవాళ్లం. తెర మాత్రం ఊరి సొత్తు. నేతపనివారి వీధిలో తెల్ల గుడ్డ కొని, వెడల్పు చాలక రెండు ముక్కలు అడ్డంగా కలిపి కుట్టించాం. ఆ కుట్టు తెరకు సరిగ్గా మధ్యలో పడింది. దగ్గర నుంచి తీసిన ముఖం ఎవరిదైనా సరే, ముక్కు మీద గీత తప్పదు. ఉత్తమ్ కుమార్‌కూ సావిత్రికీ కూడా మా ఊళ్లో ముక్కు మీద గీత ఉంది.

బరంపురం తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఇచ్ఛాపురం దాటి రైలు సుమారు పాతిక కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వి.వి.గిరి పుట్టిన ఊరు. మేం ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో ఏది ముందు నోటికొస్తే అది మాట్లాడుతూ పెరిగాం. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వస్తుంది. తెలుగు నేతపనివారి కులపెద్ద ఇంటికి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. అన్ని రోజులూ ఊళ్లో మొక్కు తీర్చుకునేవాళ్ల వేషాలే. పులివేషం వేసుకున్నవాడు మన పక్కనే నిలబడి టీ తాగుతాడు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు వేషం కొత్తా, రంగస్థలం కొత్తా?

పైగా గంజాం జిల్లాకు ప్రహ్లాద నాటకం ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తయిన కొయ్య మంచె మీద హిరణ్యకశిపుడు రాజులా దిగుతూ ఎక్కుతూ ఉంటాడు. కింద గాహకుడు, అంటే సూత్రధారుడు, కథంతా పాడుతూ నడిపిస్తాడు. తెల్లవారే వేళకు నరసింహుడు వస్తాడు. ఆ ముఖానికి పూజ చేసిన తర్వాతే ధరిస్తారు. చూస్తుంటే మన భాగవత మేళాల పోలికలు అడుగడుగునా తగులుతాయి. ఇది ఒక పక్క. ఇంకో పక్క మా తెలుగువాళ్ల పద్యనాటకాలు, హార్మోనియం, ఆ "వన్స్ మోర్" కేకలు. మా పెదనాన్నగారు బట్టల కొట్లో గుమాస్తా. వయసులో ఉండగా ఆడవేషాలు వేసేవారు. కాటి సీనులో చంద్రమతిగా ఆయన ఏడిస్తే చీరకొంగులు తడిసేవని మా పెద్దమ్మే చెప్పేది, కాస్త అసూయగా.

సినిమాల పట్టిక వేయడానికి కూర్చున్నప్పుడు మా సొసైటీలో ఒడియా సాహిత్యం చదివే సీనియర్ ఒకాయన ఒక మాట అన్నాడు. తెలుగు తొలి టాకీ 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద. హెచ్.ఎం.రెడ్డి తీశారు. సురభి నాటక సమాజం నటులే తెర మీదికి వచ్చారు. ఒడియా తొలి టాకీ 1936లో వచ్చిన సీతా బిబాహ. అదీ కామపాల మిశ్ర నాటకమే. "రెండు భాషల సినిమాలూ నాటకం కడుపున పుట్టినవే. వాసన రాకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. పట్టికలో ఏముండాలన్న దాని మీద మాత్రం నెల రోజులు కొట్టుకున్నాం.

చివరికి ఆరు సినిమాలు తేలాయి. రాయ్ నాయక్, కోజింత్సెవ్ హామ్లెట్, శ్యామ్ బెనెగల్ చరణ్‌దాస్ చోర్, రిత్విక్ ఘటక్ కోమల్ గాంధార్, కురొసావా మాక్బెత్ కథతో తీసిన థ్రోన్ ఆఫ్ బ్లడ్, ఆఖరున మన కన్యాశుల్కం. ఎక్కువ డబ్బాలు కలకత్తా నుంచి మద్రాసు మెయిలులో పార్సిలుగా వచ్చేవి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో డబ్బా వచ్చిందో లేదో కనుక్కోవడం అన్నిటికంటే పెద్ద ఉత్కంఠ. సినిమాలో ఉత్కంఠ దాని ముందు ఎంత!

నాకు అప్పగించిన పని ప్రొజెక్టర్ పక్కన నిలబడడం. 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ ఒక్కటే ఉండేది కాబట్టి, ముప్పావు గంటకు ఒకసారి రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి. ఫిల్మును పళ్ల చక్రాల మీదుగా తొడిగేటప్పుడు కటకం వెనక గేటుకు పైన ఒకటి, కింద ఒకటి చిన్న మెలికలు వదలాలి. ఫిల్ము గేటులో ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి ఆగి కదులుతుంది. శబ్దం చదివే చోట మాత్రం ఆగకుండా సాగాలి. ఆ తేడాను మింగేవి ఆ మెలికలే. 16 ఎం.ఎం.లో శబ్దం బొమ్మ కంటే 26 ఫ్రేములు ముందుంటుంది, అంటే ఒక సెకను మీద కాస్త. కింది మెలిక పెద్దదైనా చిన్నదైనా పెదవులొక చోట, మాటొక చోట. పాత ప్రింటులో పళ్ల రంధ్రాలు చిరిగి ఉంటే మెలిక ఊడిపోయి తెర మీద మనుషులు గజగజ వణికేవారు. వేలితో మెల్లగా ఫిల్మును నొక్కి మెలికను మళ్లీ నిలబెట్టడం నాకు అలవాటైంది. చేతికి వేడి తగిలేది. ఆ పని తెలిసిన ఆడపిల్ల అని కాలేజీలో నాకు కొంచెం పేరు కూడా వచ్చింది.

నాయక్ గురించి ఎక్కువ చెప్పను. అందరికీ నచ్చింది, గొడవ లేకుండా గడిచింది. వీధి నాటకాలు ఆడే కుర్రవాడు, సినిమా వద్దన్న గురువు పోయాక సినిమా హీరో కావడం, అవార్డు తీసుకోవడానికి ఢిల్లీ రైలెక్కడం. ఉత్తమ్ కుమార్ కోసం వచ్చిన బెంగాలీ రైల్వే కుటుంబాలతో మెట్లు కూడా నిండిపోయాయి. సొసైటీకి ఆ వారం దొరికిన కొత్త చందాలతోనే మిగతా వరస నడిచిందంటే అతిశయోక్తి కాదు.

అసలు గొడవ హామ్లెట్ దగ్గర మొదలైంది. 1964 నాటి రష్యన్ సినిమా. పాస్టర్నాక్ అనువాదం, షోస్టకోవిచ్ సంగీతం, స్మొక్తునోవ్‌స్కీ హామ్లెట్. కోజింత్సెవ్ దాన్ని సినిమాగా తీయడానికి పదేళ్ల ముందే, 1954లో, లెనిన్‌గ్రాడ్‌లో నాటకంగా ఆడించాడు. మాటలు రష్యన్, కింద అక్షరాలు ఇంగ్లీషు. హాస్టల్ మెస్సులో వంటవాళ్లు, వాచ్‌మన్, వాళ్ల పిల్లలు మేమూ చూస్తామన్నారు. ఎలా కాదంటాం? రెండో ఆట వాళ్ల కోసం వేసి, తెరకు ఎడమ పక్కన ఆ ఒడియా సీనియర్, కుడి పక్కన నేను నిలబడి కథ చెప్పాం. అతను నాలుగు మాటల్లో ఒడియాలో చెబితే నేను నాలుగు మాటల్లో తెలుగులో. ప్రొజెక్టర్‌ను ఆ రాత్రి వేరే అబ్బాయికి అప్పగించాను.

మొదట్లో తడబడుతూ చెప్పాం. దెయ్యం వచ్చేసరికి ఊపందుకున్నాం. సీనియర్‌లోని గాహకుడు బయటికొచ్చాడు. "రాజా, నీ చెవిలో విషం పోసింది నీ తమ్ముడే" అని రాగం తీశాడు. స్మశానంలో గోతులు తవ్వేవాడు పుర్రె తీసి హామ్లెట్ చేతికి ఇచ్చే చోట నేను ఊపిరి పీల్చుకుంటూ ఉంటే, సోంపేట నుంచి వచ్చిన మెస్సు వంట మాస్టారు వెనక బల్ల మీద నుంచి నిదానంగా అన్నారు: "ఇక్కడ పద్యం పడాలి కదమ్మా." గది గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కాటి సీను అంటే హరిశ్చంద్రుడు, హరిశ్చంద్రుడు అంటే జాషువా శ్మశానవాటి పద్యాలు. బలిజేపల్లి వారి నాటకంలోకి ఆ పద్యాలను నటులు తెచ్చి కలుపుకున్నారు, జనం అవి లేకపోతే ఊరుకోరు. పుర్రెను చేతిలో పట్టుకున్న మనిషి ఏదో ఒకటి అనాలన్నది మా వంట మాస్టారికి, షేక్‌స్పియర్‌కు ఇద్దరికీ తెలిసిన సంగతే.

మర్నాడు సొసైటీలో రచ్చ. సినిమాకు వ్యాఖ్యానం చెప్పడం అంటే సినిమాను చంపడమని సగం మంది. వాళ్లకు సినిమా చరిత్ర అడ్డం వచ్చింది. మూకీల కాలంలో జపాన్‌లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవారు, వాళ్లను బెన్షీలంటారు, జనం కొన్నిసార్లు సినిమా కోసం కాక బెన్షీ కోసం వచ్చేవారు. మన దేశంలోనూ మూకీల డేరాల్లో అలా చెప్పేవాళ్లు ఉండేవారు. కురొసావా సొంత అన్నగారే బెన్షీ. ఇవన్నీ సీనియర్ ఏకరువు పెట్టాడు. నేను అతని పక్షమే, కానీ పూర్తిగా కాదు. హామ్లెట్‌కు మా గొంతులు కలిస్తే నష్టం లేదు, ఆ సినిమాలో సముద్రం, రాయి, నిప్పు ఎలాగూ మా మాట వినిపించుకోకుండా తమ పని తాము చేసుకుపోయాయి. థ్రోన్ ఆఫ్ బ్లడ్‌కు మాత్రం నోరు విప్పేది లేదన్నాను. కురొసావా అన్నగారు బెన్షీ అయినంత మాత్రాన కురొసావా సినిమాలో మనం మాట్లాడాలా?

చరణ్‌దాస్ చోర్‌కు ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. హబీబ్ తన్వీర్ నాటకం, ఛత్తీస్‌గఢ్ పల్లె నటులు, యువరాణిగా స్మితా పాటిల్. 1975లో బాలల చిత్ర సంస్థ కోసం తీసిన సినిమా. అబద్ధం ఆడనని ఒట్టేసుకున్న దొంగ కథకు భాష ఏం అడ్డం? మెస్సు పిల్లలు మళ్లీ వేయమని వారం రోజులు వెంటబడ్డారు.

కోమల్ గాంధార్ రాత్రి హాలు సగం ఖాళీ. ఒక నాటక సమాజం చీలిపోవడం, రెండు ముక్కలు కలిసి శాకుంతలం ఆడబోవడం, వెనకాల బెంగాల్ విభజన. నాటకాల వాళ్ల తగాదాలు నాటకాల వాళ్లకే అర్థమవుతాయి, మిగతావాళ్లు లేచి వెళ్లారు. పద్మా నది ఒడ్డున తెగిపోయిన రైలు పట్టాల వెంట కెమెరా దూసుకుపోయి అడ్డుకట్ట దగ్గర ఆగి తెర నల్లబడే చోట, రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గట్టిగా ఏడ్చింది. వాళ్లది ఆ అవతలి ఊరట. మా సరిహద్దు మీద అలాంటిదేమీ లేదు, ఇచ్ఛాపురం మీదుగా మా రైళ్లు రోజూ పోతూనే ఉంటాయి. ఆ సంగతి అంత విలువైనదని ఆవిడను చూశాకే తెలిసింది.

థ్రోన్ ఆఫ్ బ్లడ్‌కు పెదనాన్నగారిని బతిమాలి తీసుకువచ్చాను. "జపాను వాళ్ల భాష నాకేం తెలుస్తుందే అమ్మాయీ" అంటూనే ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చారు. 1957 సినిమా అది. కురొసావా మాక్బెత్ ఇల్లాలి పాత్రను జపాను వాళ్ల పాతకాలపు రంగస్థల సంప్రదాయమైన 'నో' నాటకం పద్ధతిలో మలిచాడు. ఇసుజు యమాదా ముఖం కొయ్య ముఖంలా కదలదు, రెప్ప కూడా వేస్తున్నట్టు ఉండదు. మగవాడు తొషిరో మిఫునే గదంతా తిరుగుతూ రొప్పుతుంటాడు, ఆవిడ కూర్చున్న చోటి నుంచే అతన్ని హత్యకు తోస్తుంది. కాపలావాళ్లకు మత్తు కలిపిన సారా తేవడానికి ఆవిడ చీకటి గదిలోకి నడిచి వెళుతుంది. చీకట్లో మాయమై, జాడీ పట్టుకుని మళ్లీ చీకట్లోంచే వస్తుంది. ఆ కాసేపూ సంగీతం లేదు. పట్టుబట్ట నేల మీద ఒరుసుకునే చప్పుడు ఒక్కటే.

మాటలు పడని ఆ నిశ్శబ్దంలో మా హాల్లో ముందు వరస నేత కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బరంపురం పట్టు చప్పుడు పుట్టినప్పటి నుంచి విన్నవాళ్లు వాళ్లు. పెదనాన్నగారు నా మోచెయ్యి పట్టుకుని చెవిలో అన్నారు: "అరికాలు నేల విడవలేదు చూశావా? ఆడవేషానికి అడుగే ముఖ్యమని మా గురువు ఏడాదిపాటు నడిపించాడు నన్ను. ఇంత చేయలేదు నేను." కాసేపాగి మళ్లీ, "ఆ చీర చప్పుడే ఆవిడ పద్యం." ఆఖరున మిఫునే మీద బాణాలు కురిసేటప్పుడు, అవి నిజమైన విలుకాళ్లు వేసిన నిజమైన బాణాలని చెబితే ఆయన పట్టించుకోలేదు. "అది ధైర్యం, నటన వేరు" అన్నారు. ఆయన దృష్టంతా ఆ నడక మీదే.

నాటకం వాసన అని ముక్కు మూసుకునే మా మిత్రులకు ఆ రాత్రి చెప్పిన మాటే ఇప్పుడూ చెబుతాను. కురొసావా వేదిక నుంచి తెచ్చుకున్నది ఒక క్రమశిక్షణ. నాటకాన్ని దాచాలని చూసిన సినిమాలే తేలిపోయాయి. నాటకాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చినవి నిలబడ్డాయి. నాకైతే సినిమా చూడడం కంటే నాటకం చూడడమే ఆ ఆరు సినిమాల వల్ల ఎక్కువ వచ్చింది.

కన్యాశుల్కం ప్రింటు విజయవాడ నుంచి వచ్చింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం. 1955లో పి.పుల్లయ్య సినిమా తీశారు. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి ఏ వాడుక భాష కోసం పోరాడారో ఆ భాషే, మా ఇళ్లలో వినబడే పలుకుకు దగ్గరిది. ఆ రాత్రి తెలుగు వీధులన్నీ మా కెమిస్ట్రీ గదిలోనే. ప్రింటు ఎన్నిసార్లు తెగి అతుకులు పడిందో చెప్పలేను, మెలిక ఊడిన ప్రతిసారీ గిరీశం గొంతు ఒక చోట, చుట్ట ఇంకో చోట. జనం తిట్టారు, నవ్వారు, కదల్లేదు.

పెదనాన్నగారు మధురవాణి వేషం కూడా వేసినవారే. నాటకం చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది కదా. "మగవాణ్ణి, ఆడవేషం వేసి, ఆ ఆడవేషంతో మళ్లీ మగవేషం వేయాలి. మీసం పెట్టాక నన్ను చూసి జనం మగవాడనుకోకూడదు, మీసం పెట్టిన ఆడది అనుకోవాలి" అని ఆయన మాటిమాటికీ చెప్పేవారు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి నేర్చుకున్న తరం వాళ్లది. సావిత్రిని ఏమంటారో అని బిక్కుబిక్కుమంటూ అడిగాను. ముక్కు మీద కుట్టు గీతతో సావిత్రి కంటి కొసన నవ్విన ఒక దృశ్యాన్ని గుర్తుచేశారు. "మాకు ఆ చూపు ఆఖరి వరసకు అందాలంటే మెడ తిప్పాలి, భుజం కదపాలి. ఆవిడకు రెప్ప చాలింది." అంతటితో ఆగారా? "కానీ అమ్మాయీ, ఆ రెప్ప కెమెరా చూపిస్తేనే మీరు చూశారు. నా మెడ మీరే చూసేవాళ్లు" అన్నారు. దీనికి జవాబు నేను ఇంతవరకు ఎక్కడా చదవలేదు.

ఆ తర్వాత సొసైటీ ఎక్కువ కాలం బతకలేదు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల సినిమాలు వచ్చాయి, సందు చివర వీడియో పార్లర్లు వచ్చాయి, చందాలు కట్టేవాళ్లు తగ్గారు. ప్రొజెక్టర్ ఎవరికి అమ్మారో నాకు గుర్తులేదు. తెర గుడ్డను హాస్టల్ వాళ్లు ఏ పండక్కో పందిరికి వాడేశారు.

పెదనాన్నగారి మనవరాలు ఇప్పుడు చికాగోలో చదువుతోంది. ఆ విశ్వవిద్యాలయంలో డాక్ ఫిల్మ్స్ అని విద్యార్థులే నడిపే సినిమా హాలు ఉంది, దాని మూలాలు 1932 దాకా పోతాయి. అంటే మన భక్త ప్రహ్లాద వయసు. అక్కడ నాటకం, సినిమా మీద ఒక వరస వేస్తున్నారని చెప్పింది. వెంటనే ఒడియా సీనియర్‌కు ఫోను చేశాను. ఆయనిప్పుడు భువనేశ్వర్‌లో రిటైరై ఉన్నాడు. మన పట్టిక మళ్లీ వేస్తే నాయక్ తీసేసి భూమిక పెట్టాలన్నాను. 1977లో శ్యామ్ బెనెగల్ తీసింది, మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారం, ఆడదాని వైపు నుంచి ఆ కథ చెప్పింది అదొక్కటే అని వాదించాను. నాయక్ తీసేస్తే ఉత్తమ్ కుమార్ కోసం వచ్చే బెంగాలీ కుటుంబాలు రావు, వాళ్లు రాకపోతే మిగతా అయిదు సినిమాలకు డబ్బు ఎక్కడిదని ఆయన అడిగాడు.